కళింగపట్నంలో తల వాల్చిన కెమెరా

శ్రీకాకుళం రోడ్‌లో రైలు దిగితే శ్రీకాకుళంలో దిగినట్టు కాదు, ఆమదాలవలసలో దిగినట్టు. స్టేషన్ పేరు చివర ‘రోడ్’ అని ఉందంటే అసలు ఊరికి ఇంకో ఆటో బేరం మిగిలే ఉందన్నమాట. ఆ సంగతి తెలిసే వచ్చాను కాబట్టి గొణగకూడదు. అయినా తెల్లవారుజామున నాలుగొందలు అడిగితే గొణక్కుండా ఎలా ఉంటాం? సంక్రాంతి వెళ్ళి నాలుగు రోజులే అయింది. పండక్కొచ్చినవాళ్ళంతా తిరుగు ప్రయాణంలో ఉన్నారు. ఆటోవాళ్ళకి పండగ ఇంకా అయిపోలేదు.

వీపు మీద సంచి మాత్రం తేలిగ్గా ఉంది. ఆ ఉదయం నాకున్న సంతోషం అదొక్కటే. పోయినేడు అరకులో పెద్ద ట్రైపాడ్ మోసి మోసి భుజం పట్టేసింది. ఆ తర్వాత మా ఆవిడ ఆవపిండి తూచుకునే వంటింటి కాటా నాదైపోయింది. హైదరాబాదులో మూడు నెలల పాటు కెమెరా సామాన్లన్నీ దానిమీద పెట్టి చూశాను. చిన్న ట్రైపాడ్ కాళ్ళు 1,100 గ్రాములు. వాటితో వచ్చిన బాల్ హెడ్ 420. దాన్ని తీసేసి 190 గ్రాముల బుల్లి హెడ్ కొన్నాను. డబ్బా మీద ‘8 కిలోలు మోస్తుంది’ అని ఉంది. నా కెమెరా, దూరానివి దగ్గరగా చూపించే 100–400 మి.మీ. పెద్ద లెన్స్ కలిపినా రెండు కిలోల పైచిలుకే. ఎనిమిదెక్కడ, రెండెక్కడ! 3,200 రూపాయలు పోస్తే 230 గ్రాములు తగ్గాయి. గ్రాముకి దాదాపు పద్నాలుగు రూపాయలు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, బాల్ హెడ్ అంటే ట్రైపాడ్ కాళ్ళకీ కెమెరాకీ మధ్య ఉండే మెడ లాంటిది. గిన్నె లాంటి దాంట్లో ఒక లోహపు గుండు ఉంటుంది, దాని పైన కెమెరాని పట్టుకునే క్లాంప్. నాబ్ వదులు చేస్తే ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఆగాలి.

మొదటి రోజు అరసవల్లి, శ్రీకూర్మం. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలని తాకేది మార్చిలోనూ అక్టోబరులోనూ. జనవరిలో వెళ్ళినవాడికి దక్కేది క్యూ. శ్రీకూర్మంలో తాబేళ్ళని వీడియో తీసి మా అబ్బాయికి పంపాను. రాత్రి దిగిన లాడ్జిలో రోజుకి 1,400 తీసుకుని వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే అన్నారు. ఫొటోలు తీసేవాడు ఆ వేళకి గదిలో ఎందుకుంటాడు?

మర్నాడు చీకటితోనే ఆటో మాట్లాడుకుని కళింగపట్నం వెళ్ళాను. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. మా గుంటూరు వైపు వాళ్ళకి సముద్రం అంటే సూర్యలంక, ఎప్పుడెళ్ళినా జనం, మొక్కజొన్న పొత్తులు. ఇక్కడ ఆ వేళకి నేనూ, నాలుగు కుక్కలూ, వలలు సర్దుకుంటున్న జాలర్లూ, ఒక టీ కొట్టూ. లైట్‌హౌస్ వెనక ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. చిన్న లెన్స్‌తో నాలుగు తీశాను, బాగానే వచ్చాయి. బుల్లి హెడ్ మీద ప్రేమ పెరిగింది కూడా.

తూర్పున ఎరుపు మొదలయ్యాక పెద్ద లెన్స్ పెట్టాను. దూరంగా ఒక పడవ ముక్కెత్తి అలని దాటుతోంది. దాన్ని ఫ్రేము మధ్యలో పెట్టి, నాబ్ బిగించి, చెయ్యి తీశాను. పడవ మెల్లగా ఫ్రేములో పైకి పోవడం మొదలెట్టింది. పడవ ఎగరలేదు, లెన్స్ ముక్కు కిందికి దిగుతోంది. మళ్ళీ పెట్టాను, ఇంకా గట్టిగా బిగించాను. మళ్ళీ దిగింది. మంచుకి నాబ్ తడిసి వేళ్ళు జారుతుంటే రుమాలు చుట్టి బిగించాను. జారేది ముందే లెక్కేసి పడవని కావాలని కింద పెట్టాను. ఈసారి అది నేననుకున్న చోటు దాటి పోయింది. నేను ఇలా కుస్తీ పడుతుండగానే సూర్యుడు ఎవరినీ అడక్కుండా పైకొచ్చేశాడు.

టీ కొట్టావిడ అంతసేపూ చూస్తూనే ఉంది. గ్లాసు చేతికిస్తూ, “తల నిలబడ్డం లేదేటి బావూ? రాత్రి నిద్ర సాల్నేదా?” అంది. నన్ను అందో, కెమెరాని అందో ఇప్పటికీ తెలీదు.

తిరిగొస్తూ శాలిహుండం కొండెక్కాను. 1919లో ఈ బౌద్ధ శిథిలాలని వెలుగులోకి తెచ్చింది గిడుగు వేంకట రామమూర్తి గారు, వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. పైన ఇటుకల స్తూపాలు, కింద వంశధార. ఇంకో రోజయితే అక్కడ సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. ఆ రోజు బుర్ర నిండా నాబ్ తప్ప ఇంకేమీ లేదు. పైగా మిగిలిందన్న 230 గ్రాముల సుఖం మెట్ల మీద ఎక్కడా తెలియలేదు. చేతిలో రెండు లీటర్ల నీళ్ళ సీసా ఉంది మరి.

మధ్యాహ్నం శ్రీకాకుళంలో బాల్ హెడ్ కోసం వేట. డే అండ్ నైట్ కూడలి నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా నడిచి, కెమెరా బొమ్మ కనపడ్డ ప్రతి షాపూ ఎక్కాను. అందరూ పొడుగు చేతికర్ర ఉన్న వీడియో హెడ్ చూపించారు. పెళ్ళి వీడియోలకి అదే కావాలి, వాళ్ళ తప్పు లేదు. కానీ ఒక్క హెడ్డే నా ట్రైపాడ్ కాళ్ళ కన్నా బరువు. బాల్ హెడ్ అంటే “ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి సార్, మూడ్రోజుల్లో వచ్చీద్ది” అన్నారు. నేను తేలినీలాపురం పక్షుల దగ్గరికి వెళ్ళాల్సింది మర్నాడు.

చివరికి ఒక సందులో పాత స్టూడియో దొరికింది. బయట ‘పాస్‌పోర్టు ఫొటోలు 5 నిమిషాల్లో’ అని బోర్డు. లోపల ఖద్దరు లాల్చీలో డెబ్భై దాటిన మాస్టారు. గోడల మీద బ్లాక్ అండ్ వైట్ పెళ్ళికూతుళ్ళు, ఒక మూల నల్లగుడ్డ కప్పిన పెద్ద కెమెరా, దానికింద కర్ర ట్రైపాడ్. నా చిన్నప్పుడు మా ఊరికి అలాంటిదే మోసుకుని సైకిల్ మీద ఒకాయన వచ్చేవాడు. ఆయన నల్లగుడ్డలో తల దూరిస్తే మేం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ కర్రకాళ్ళు ఎంత బరువుండేవో అప్పుడెవరికి కావాలి?

నా సరంజామా చూసి మాస్టారు నవ్వారు. “ఏటండీ ఇది! కెమెరా ఏనుగంత, తల ఎలకంత!”

జరిగింది చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ట్రైపాడ్ నిలబెట్టి, పన్నెండడుగుల దూరంలో గోడకున్న క్యాలెండర్ వైపు లెన్స్ తిప్పించారు. తెలుగు క్యాలెండర్, తేదీలు పై నుంచి కిందికి దిగుతాయి. “దశమి మీద పెట్టండి” అన్నారు. పెట్టాను. “బిగించండి. సెయ్యి తీసీయండి.” తీశాను. కెమెరా వెనక తెర మీద దశమి పైకి పోయి, ఏకాదశి వచ్చి మధ్యలో ఆగింది.

“ఒక తిథి జారీసింది” అన్నారాయన, డాక్టరు జ్వరం చూసి చెప్పినట్టు.

ఆ తర్వాత సొరుగులోంచి పాత తువ్వాలులో చుట్టిన హెడ్ ఒకటి తీశారు. అక్కడక్కడా రంగు పోయి ఉంది. నా దాని గుండు రేగుపండంత ఉంటే ఆయన దాని గుండు నిమ్మకాయంత. గుండు పెద్దదైతే, పట్టుకునే అంచు నడిమికి దూరంగా ఉంటుంది కాబట్టి, అదే బిగింపుకి ఎక్కువ బరువుని ఆపుతుందట. మార్చి బిగించి చూశాం. దశమి దశమి దగ్గరే ఉంది. అంకె మాత్రం వెంట్రుకవాసి కదిలింది. చెయ్యి తీస్తే ఆ మాత్రం కదలడం మామూలేనని, ఒక చుక్క పైకి పెట్టి బిగించడం అలవాటు చేసుకోమన్నారు.

అప్పుడు లెన్స్‌ని కింద నుంచి తడిమి చూశారు. “దీని కాలేదండీ?”

ఇక్కడ నా పరువు పోయింది. ఆ లెన్స్‌కి మధ్యలో ఒక పట్టీ, పట్టీకి కింద ఒక కాలు ఉంటాయి. ట్రైపాడ్‌కి బిగించాల్సింది ఆ కాలిని, కెమెరాని కాదు. అది 150 గ్రాములు తూగిందని ఇంట్లోనే ఊడదీసి వచ్చాను. వంటింటి కాటా చెప్పిన తీర్పే అది కూడా.

మాస్టారు తిట్టలేదు, ఒక క్షణం కళ్ళు మూసుకున్నారు. “ఏతం ఎప్పుడన్నా సూసినారా? బాన కొసని కడితే ఎలగుంటాది, నడిమిని కడితే ఎలగుంటాది? డబ్బా మీద ఎనిమిది కిలోలంటే గుండు మీద నిటారుగా కూసోబెట్టినప్పటి మాట. మీరు ముక్కు ముందుకి సాపి ఏలాడదీసినారు.”

నా దానికి ఒకటే నాబ్ ఉందని కూడా ఆయనే పట్టుకున్నారు. అడ్డంగా తిప్పాలన్నా అదే వదులు చెయ్యాలి, చేస్తే కెమెరా మొత్తం పక్కకి కూలబడుతుంది. పొద్దున నా వేలు నలిగింది అలాగే. ఆయన హెడ్‌కి మూడున్నాయి. పెద్దది గుండుకి, దాని పక్కన చిన్నది గుండు ఎంత బిగువుగా కదలాలో చెప్పడానికి, కింద ఇంకోటి అడుగు మాత్రమే తిరగడానికి. క్లాంప్ మరతో బిగించేది. మీటతో ఠక్కున మూసుకునే క్లాంప్ చూడ్డానికి బాగుంటుంది కానీ, కెమెరా అడుగున బిగించే ప్లేటు ఇంకో కంపెనీది పెడితే కొంచెం తేడా ఉన్నా వదులైపోతుందట. ఆర్కా అనే కొలతలో చేసిన 38 మిల్లీమీటర్ల ప్లేట్లన్నీ ఒకటే అని నేను వాదించాను. “పెళ్ళికొడుకు సెప్పులు కూడా అందరికీ పట్టీసినట్టే ఉంటాయండి” అన్నారు.

అడుగున 3/8 అంగుళం మర నా కాళ్ళకి సరిపోయింది. చిక్కల్లా మడిచేటప్పుడే. నా ట్రైపాడ్ కాళ్ళు వెనక్కి తిరిగి హెడ్‌ని కప్పుకుంటాయి, పెద్ద నాబ్ కాలికి అడ్డం పడింది. నాబ్‌ని రెండు కాళ్ళ సందులోకి తిప్పితే ముడుచుకుంది. ఉప్పుగాలి కదా, గుండుకి కాస్త నూనె రాయమంటారా అని అడిగితే ఆయన నిజంగానే నా చెయ్యి పట్టుకుని ఆపారు. “తలంటు పోస్తారేటి? పట్టు పోద్ది! పొడిగుడ్డతో తుడవండి సాలు.”

కొంటానంటే అమ్మనన్నారు. “పట్టుకెళ్ళి పని సూసుకుని రండి” అన్నారు. తాకట్టు కింద నా బుల్లి హెడ్ ఆయన టేబుల్ మీద ఉండిపోయింది.

తేలినీలాపురానికి టెక్కలి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఆటో అతనూ చెప్పాడు, ఊళ్ళో పెద్దాయనా చెప్పాడు. గూడబాతుల (పెలికన్ల) వరకూ అది నిజం కాదు, అవి దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. అయినా ఇంటి ముందు చింతచెట్టు మీద అంత పెద్ద పక్షి కాపురం పెడితే అల్లరి చెయ్యకుండా చూసుకుంటున్న ఊరికి భూగోళం పాఠం చెప్పాలనిపించలేదు. ఎగిరేవాటిని బాల్ హెడ్ మీద పట్టుకోవడం నా వల్ల కాలేదు. గూళ్ళ మీద పడ్డాను. మంచులో వెలుతురు లేక షట్టర్ వేగం 1/30 సెకనుకి దించాల్సి వచ్చింది, అంటే కెమెరా కాస్త కదిలినా ఫొటో చెదురుతుంది. తల్లి నోరు తెరిస్తే పిల్ల సగం లోపలికి దూరి తింటోంది. అడుగు నాబ్ ఒక్కటే వదులు చేసి, ఒక గూటి నుంచి పక్క గూటికి జరుపుకుంటూ మూడు గంటలు నిలబడ్డాను. కొమ్మ ఊగిందే గానీ కెమెరా ఊగలేదు.

తర్వాత పలాస. మా ఆవిడ రెండు కిలోల జీడిపప్పు తెమ్మంది, గుళ్ళు విరక్కుండా. ధర మా హైదరాబాదు ధరకి పెద్దగా తక్కువేం కాదు, రుచి వేరంతే అని సరిపెట్టుకున్నాను. షాపులో ఎలక్ట్రానిక్ కాటా కనపడేసరికి ఆగలేకపోయాను. మాస్టారి హెడ్ తీసి పెట్టాను. 385 గ్రాములు. షాపు కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేటి సార్, జీడిగింజలు కొట్టీ మిషనా?” అన్నాడు.

సాయంత్రం స్టూడియోకి వెళ్ళేసరికి నా బుల్లి హెడ్ ఉద్యోగంలో చేరిపోయి ఉంది. పాత ట్రైపాడ్ మీద అది, దానిమీద మాస్టారి చిన్న కెమెరా, ఎదురుగా నీలం తెర. “దీనికి ఇది సరిపోయిందండీ. మీరు అది ఉంచీసుకోండి” అన్నారు. పైన ఎంత ఇమ్మంటారంటే ఏడొందలు అన్నారు. కొత్తదానికి 3,200 పోసిన సంగతి ఎత్తుదామని నోటిదాకా వచ్చింది కానీ, ఆటో అతనితో ఆడిన బేరం ఈయనతో ఆడలేకపోయాను.

డబ్బులు లెక్కపెడుతుండగా కాలేజీ కుర్రాడొకడు హాల్‌టికెట్ ఫొటోకి వచ్చి స్టూల్ మీద కూర్చున్నాడు. మాస్టారు నన్ను పక్కకి జరగమని చేత్తోనే చెప్పి, కెమెరా వెనక్కి వెళ్ళి, బుల్లి నాబ్‌ని ఒక్క తిప్పు తిప్పి వదిలేశారు.

“తల కొద్దిగా పైకెత్తు బావూ. ఆ... కదిలిపోకు.”