ప్యాన్ మిషన్ నేర్చుకున్న రోజులు – నా అనుభవం

పన్నెండేళ్ళుగా వార్డు ఆయాగా చేస్తున్నా, ఏం పని చేస్తావని చుట్టాలెవరైనా అడిగితే "ఆస్పత్రిలో" అనేసి మాట మార్చేదాన్ని. బెడ్‌ప్యాన్లు, అంటే మంచం దిగలేని రోగులకి మలమూత్రాలకి పెట్టే గిన్నెలు, కడుగుతానని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. నిరుడు మా వార్డుకి ప్యాన్లు కడిగే మిషన్ వచ్చింది. దాంతో పని తేలికవుతుందనుకున్నాను. అయింది కూడా. కానీ ముందు పదిహేను రోజులు నాకు నిద్ర పట్టలేదు.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో ఒక ప్రైవేట్ ఆస్పత్రి. గుమ్మ, మోహన వైపు నుంచి సవర గిరిజనులు, కాశీనగర్ నుంచి ఒడియావాళ్ళు, గట్టిగా అరిస్తే వినిపించేంత దగ్గర్లో ఉన్న పాతపట్నం నుంచి మన తెలుగువాళ్ళు వస్తారు. వార్డులో ఏ పూట చూసినా మూడు భాషలు. మిషన్ మీద అక్షరాలు మాత్రం నాలుగో భాషలో, ఇంగ్లీషులో.

అంతకుముందు మా పద్ధతి ఇదీ. ప్యాన్ పట్టుకెళ్ళి మరుగుదొడ్లో పారబోయడం, కుళాయి కింద పెట్టి బ్రష్షుతో తోమడం, హైపో (క్రిముల్ని చంపే క్లోరిన్ మందు) నీళ్ళ బకెట్లో ముంచడం. కుళాయి ధార ప్యాన్ మీద పడగానే తుంపరలు ఎగిరేవి. మొహం పక్కకి తిప్పుకుని కడిగేవాళ్ళం. కళ్ళద్దాలు ఉండేవి గానీ బీరువాలో ఉండేవి. ఒకసారి కంట్లో తుంపర పడితే సిస్టర్ పావుగంట సేపు నీళ్ళతో కడిగించి, హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా అని అడిగారు. ఒక డోసు వేయించుకుని వదిలేశానని అప్పుడు బయటపడింది. ఆ టీకా మూడు డోసులు: మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. మళ్ళీ పూర్తి చేయించారు.

మిషన్ బిగించడానికి విశాఖపట్నం నుంచి ఇంజనీరు వచ్చాడు. మన తెలుగు కుర్రాడే, కానీ మాట్లాడితే సగం ఇంగ్లీషు. ఒక్క మధ్యాహ్నంలో అంతా చెప్పేసి రైలెక్కాడు. నాకు అర్థమైంది మూడే: తలుపు వెయ్యాలి, బటన్ నొక్కాలి, పచ్చ లైటు వస్తే తియ్యాలి. అంతేనా అనుకున్నాను. మా ఇన్‌ఛార్జి సిస్టర్ బరంపురం ఆవిడ, తెలుగు బాగా వచ్చు. ఆవిడ మాత్రం, "పదిహేను రోజులు నా ఎదురుగా చెయ్యి. నేను పుస్తకంలో సంతకం పెట్టాకే ఒంటరిగా నైట్ డ్యూటీ" అన్నారు. పన్నెండేళ్ళ సీనియర్ని, నాకు సంతకమేమిటని లోపల మండింది.

మొదటి రోజే తప్పు చేశాను. అలవాటు కొద్దీ ప్యాన్‌ని దొడ్లో వంపేసి, కుళాయి కింద ఓసారి తిప్పి, అప్పుడు మిషన్‌లో పెట్టాను. సిస్టర్ తల పట్టుకున్నారు. ఈ మిషన్ కొన్నదే ఆ వంపే పని లేకుండా చెయ్యడానికి. నిండుగా ఉన్న ప్యాన్‌ని మూత పెట్టి తెచ్చి, లోపల క్లిప్పులో బిగించి తలుపు వేస్తే, మిషనే దాన్ని తిరగేసి డ్రెయిన్‌లోకి పారబోసుకుంటుంది. తుంపర ఉంటే ఆ తలుపు వెనకే ఉంటుంది. మనం ముందుగా కడిగితే పాత ప్రమాదమంతా మళ్ళీ మన మొహం మీదికే. ఈ ఒక్క అలవాటు వదలడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చెయ్యి దానంతటదే కుళాయి వైపు పోయేది.

రెండోది, ఏం వెయ్యకూడదన్నది. దూది, టిష్యూ, గ్లవ్స్, డైపర్ ఏదీ ప్యాన్‌తో పాటు లోపలికి పోకూడదు, డ్రెయిన్ మూసుకుపోతుంది. నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి అని మాకు ముందే తెలుసు. మాకు తెలియనిది గుట్కా ప్యాకెట్ సంగతి. పేషెంట్ దగ్గర కూర్చునే మగాళ్ళు నమిలి ఉమ్మి, ఆ కాగితం కూడా ప్యాన్‌లోనే పడేస్తారు. రెండో వారంలో మిషన్ అడుగున నీళ్ళు నిలిచిపోయాయి. టెక్నీషియన్ వచ్చి విప్పితే మెరుస్తూ రెండు ప్యాకెట్లు బయటికొచ్చాయి. అప్పటి నుంచి మూత తీసి ఓ చూపు చూశాకే పెడతాను. ఏమైనా ఉంటే పట్టకారుతో తీస్తాను, చేత్తో కాదు.

పెట్టడంలో కూడా ఒడుపుంది. ఇత్తడి సామాను కుదురు మీద పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. దేని స్థానం దానికుంది. నీళ్ళు ఎగజిమ్మే రంధ్రాల వైపు యూరినల్ (మూత్రం పట్టే సీసా) మూతి ఉండాలి. ఒకటి ఇంకొకదానికి అడ్డొస్తే ఆ నీడ పడిన చోట నీళ్ళు తగలవు. పచ్చ లైటు మాత్రం మామూలుగానే వెలుగుతుంది. లైటుకి తెలిసేది నీళ్ళ వేడి. ప్యాన్ అడుగున మరక ఉందా లేదా అన్నది దానికి తెలియదు. అందుకని బయటికి తీసిన ప్రతిదాన్నీ వెలుతురులో తిప్పి చూస్తాం. మరక కనిపిస్తే ఇంకో రౌండు.

మొదట చన్నీళ్ళు ఎందుకు కొడుతుందో నాకు ఎంతకీ బోధపడలేదు. వేడినీళ్ళతోనే మొదలుపెడితే టైము కలిసొస్తుంది కదా అని వాదించాను. సిస్టర్ అడిగారు: "గుడ్డు సొన అంటిన గిన్నె మరిగే నీళ్ళతో కడుగుతావా?" కడగను. సొన ఉడికి గిన్నెకి పట్టేస్తుంది, గీకినా రాదు. మలంలో, నెత్తురులో ఉన్న ప్రోటీన్ కూడా అంతేనట. అందుకే ముందు చన్నీళ్ళు, తరవాత మందు కలిసిన వేడినీళ్ళు, ఆఖర్న ఆవిరి. ఆవిరి తరవాత కాసేపు చల్లారడం. గుడ్డు మాట తరవాత నాకు ఆ మిషన్ అంటే భయం సగం పోయింది. వంటింటి లెక్కే కదా అనిపించింది.

క్రిములు చచ్చే లెక్క మాత్రం వంటింట్లో ఉండదు. ఈ ప్యాన్ మిషన్ల కోసం ఐఎస్ఓ 15883 అనే అంతర్జాతీయ ప్రమాణంలో మూడో భాగం ఉంది. ఎంత వేడి ఎంతసేపు తగిలిందో కలిపి చెప్పే లెక్కని 'ఏ జీరో' అంటారు. ఆ ప్రమాణం ప్రకారం మా మిషన్ కనీసం 'ఏ జీరో 60' చేరాలి. అంటే ప్యాన్ ఒళ్ళంతా 80 డిగ్రీల వేడి ఒక నిమిషం పాటు తగలాలి. వేడి 10 డిగ్రీలు పెరిగితే పట్టే సమయం పదో వంతుకి పడిపోతుంది. 70 దగ్గర 10 నిమిషాలు, 80 దగ్గర 1 నిమిషం, 90 దగ్గర 6 సెకన్లు. మూడింటికీ ఫలితం ఒకటే. రౌండు అయ్యాక తెర మీద ఎంత వేడి చేరిందో, ఆ ఏ జీరో ఎంతో వస్తాయి. రెండూ పుస్తకంలో రాస్తాను. ఇంగ్లీషు చదవడం రాకపోయినా అంకెలు ఏ భాషలోనైనా అంకెలే.

దీంతో అన్నీ చస్తాయని కాదు. కొన్ని బ్యాక్టీరియాలు గింజలాగా గట్టి పెంకు కట్టుకుని కూర్చుంటాయి. స్పోర్లు అంటారు. వాటికి ఈ వేడి చాలదు. ఒకసారి డ్యూటీ డాక్టరు గారు కుట్లు విప్పే కత్తెర ఇచ్చి "ఇదీ అందులో పడెయ్యమ్మా" అన్నారు. నేను తీసుకోలేదు. కత్తెర ఆటోక్లేవ్‌కి (ఒత్తిడి పెట్టిన ఆవిరితో స్పోర్లని కూడా చంపే మిషన్‌కి) పోవాలి, ఇక్కడికి కాదు. డాక్టరుకి ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. గొంతు వణికింది. ఆయన మాత్రం "అవును కదా" అని జేబులో వేసుకోబోయి, మళ్ళీ ట్రేలో పెట్టారు.

చేతుల విషయానికి వస్తాను, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పెట్టేటప్పుడు మందపాటి రబ్బరు గ్లవ్స్, ప్లాస్టిక్ ఏప్రాన్, మాస్కు, కళ్ళద్దాలు. తలుపు తెరవడానికి కాలి పెడల్ ఉంది. బటన్ మోచేత్తో నొక్కుతాను. తలుపు పడ్డాక గ్లవ్స్ తీసేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, రౌండు అయ్యాక ఆ శుభ్రమైన చేతులతోనే తియ్యాలి. మురికి గ్లవ్స్‌తోనే కడిగిన ప్యాన్ తీస్తే మిషన్ పడ్డ కష్టమంతా దండగ. ఎంగిలి చేత్తో ఊరగాయ జాడీ ముట్టుకుంటే మా అమ్మ వీపు మీద ఒకటి ఇచ్చేది. అదే గుర్తు పెట్టుకున్నాను.

శుభ్రమైన చేతులంటే ఉత్త చేతులు కదా. స్టీలు ప్యాన్. నాలుగో రోజు పచ్చ లైటు రాగానే గబుక్కున పట్టుకుని బొటనవేలు కాల్చుకున్నాను. చల్లారే సమయం మిషన్‌లో ఉన్నా స్టీలు వేడిని అంత త్వరగా వదలదు. ఇప్పుడు తలుపు తీసి రెండు నిమిషాలు ఆగుతాను. పక్కనే ఒడియాలో 'గరమ్ అఛి', కింద తెలుగులో 'కాలుతుంది' అని రాసి అంటించాం.

మా వార్డులో ఇంకో పెద్దావిడ ఉంది, అందరం పిన్ని అంటాం. మిషన్ మీద ఆవిడకి ఇసుమంత నమ్మకం లేదు. "వేడినీళ్ళకి ఏటి సస్తాయే?" అని ఒకరోజు మిషన్ కడుపులో మగ్గుడు హైపో పోసింది. ఆ పూటే తెల్లపొర కరగడానికి డీస్కేలర్ వాడి ఉన్నాం. మాది బోరు నీళ్ళు. కుండ అడుగున సున్నం కట్టినట్టే లోపల తెల్లపొర కట్టి, రంధ్రాలు పూడిపోతాయి. అందుకు వాడే ఆ మందు యాసిడ్. యాసిడ్‌లో హైపో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. గది అంతా ఘాటు, పిన్ని దగ్గుతూ బయటికి పరుగు. కిటికీలు తెరిచి, ఎవరినీ లోపలికి పోనివ్వకుండా అరగంట ఆగాం. పిన్నికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. సాయంత్రానికి తేరుకుని, "నానేదో మంచికే సేసినాను" అంది. హైపో స్టీలుని తినేస్తుందన్నది కూడా అప్పుడే తెలిసింది. ఇప్పుడు హైపో డబ్బా ఆ గదిలోనే ఉంచం.

ఇక ఆ రాత్రి సంగతి. పదిహేను రోజులకి రెండు రోజులు తక్కువ. రావాల్సిన ఆయా రాలేదు. సిస్టర్ "ఒక్క రాత్రికి జాగ్రత్తగా చూసుకో, ఏమైనా ఉంటే ఫోన్ చెయ్యి" అని వెళ్ళారు. రెండు గంటల నలభైకి గాలివాన, కరెంట్ పోయింది. మిషన్‌లో మూడు యూరినల్స్ ఉన్నాయి, తలుపు లాక్ పడి ఉంది. జనరేటర్ వెయ్యడానికి వాచ్‌మన్ రెయిన్‌కోటు వెతుక్కుంటున్నాడు. ఏడో నంబరు మంచం మీద తాత, తుంటి ఎముక విరిగినాయన, "అమ్మా, ఆగలేను" అంటున్నాడు. మిగతావన్నీ వాడకంలోనే ఉన్నాయి. ప్యాన్లున్న అరలో ఒక్క యూరినల్ లేదు.

లాక్ పడిన తలుపు తెరవడానికి పొడిచే పిన్ను ఒకటుంది, అత్యవసరానికని ఇంజనీరు చూపించాడు. పొడిచాను. మూడూ తళతళలాడుతున్నాయి. ఒకటి తాతకి ఇచ్చాను. రెండు కడిగినవాటి అరలో పెట్టేశాను. గోరువెచ్చగా ఉన్నాయి. కాలలేదు. వేలు కాల్చుకున్నదాన్ని, కాలకపోతే అనుమానం రావాలి కదా. రాలేదు. చన్నీళ్ళు, మందునీళ్ళు పడ్డాయి కాబట్టి మురికి పోయింది. ఆవిరి మాత్రం పట్టలేదు.

కరెంట్ వచ్చాక మిషన్ తెర మీద ఎర్ర అక్షరాలు. ఆపేసి, వేరే ప్యాన్లు, యూరినల్స్ వేసి నడిపించి, వాటినీ అదే అరలో పెట్టాను. తెల్లారగట్ల పుస్తకం రాయడానికి కూర్చుంటే ఆ వరుసలో వేడి గడి ఖాళీ. అప్పుడు గుండె జారింది. అరలోకి వెళ్ళి చూస్తే పదకొండు వస్తువులు. వాటిలో ఆ రెండు ఏవి? కింద మీదా చూశాను, వాసన చూశాను. అన్నీ ఒక్కలాగే మెరుస్తున్నాయి. మాసిందైతే కళ్ళకి కనబడుతుంది. సగం కడిగింది కనబడదు.

ఎవరూ చూడలేదు. ఆ రెండింటినీ అలాగే వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదని చెప్పను. ఆరింటికి సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ అరవలేదు. "తాత దగ్గరున్నది కూడా పట్టుకురా. పదకొండూ మళ్ళీ వెయ్యి" అన్నారు. డ్యూటీ దిగే టైముకి మొదలుపెడితే అయ్యేసరికి ఎనిమిది దాటింది. తాత మూడో రోజు ఇంటికెళ్ళాడు. నా సంతకం ఇంకో వారం వెనక్కి పోయింది.

తరవాత రెండు మార్పులు జరిగాయి. ఆ పిన్ను ఇప్పుడు సిస్టర్ల గది తాళంచెవుల పక్కన ఉంటుంది. కావాలంటే వెళ్ళి అడగాలి. రెండు యూరినల్స్ అదనంగా కొనిపించారు, అవి అత్యవసరానికి విడిగా పెట్టాం. ఇక ఆగిపోయిన రౌండులోవి ఎంత మెరిసినా 'మఇళా' (మాసినవి) అని ఒడియాలో రాసిన అరలోకే పోతాయి. మళ్ళీ మొదటి నుంచి పూర్తి రౌండు తిరిగాకే 'సఫా' (శుభ్రమైనవి) అరలోకి.

సంతకం అయిన రోజు ఇంటికి స్వీట్లు తీసుకెళ్ళాను. మా ఆయన దేనికని అడిగాడు. ప్యాన్ మిషన్ పాసయ్యానన్నాను. నవ్వి, ఒకటి నోట్లో వేసుకుని, "కడిగిన చేతులేనా?" అన్నాడు.