అర్బన్ మార్ఫాలజీ: నాకు దారి చూపిన సాల్స్‌బరీ

సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్ తీసుకున్న మిత్రుల కోసం రాస్తున్నాను. మొదటి అటెంప్ట్‌లో అర్బన్ మార్ఫాలజీ, అంటే ఊళ్ల వీధులు, ప్లాట్లు, కట్టడాలు ఏ రూపంలో ఎలా పెరిగాయో చదవడం, అంటేనే నాకు టెన్షన్. మధ్యయుగపు ఊళ్లన్నీ ఇరుకు సందులతో, ఒక పద్ధతంటూ లేకుండా పెరిగాయని బట్టీపట్టి, అదే రాసేదాన్ని. ఒక టెస్ట్ పేపర్ దిద్దిన మేడం ఆ వాక్యం పక్కన "ఏ ఊరు?" అని రాశారు. ఒక్క ఊరి పేరు కూడా చెప్పలేకపోయాను.

అప్పుడు ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను. పాత ఊరు ఓల్డ్ సేరం కొండ మీద ఉండేది. నీళ్లకు కటకట, ఈదురుగాలి, పైగా కోటలోని సైనికులతో మతాచార్యులకు గొడవలు. బిషప్ రిచర్డ్ పూర్ అందరినీ కిందికి, ఏవన్ నది దగ్గరికి తరలించాడు. 1220లో కేథడ్రల్‌కు పునాది పడింది, పక్కనే కొత్త ఊరికి కొలతలు వేశారు. మామూలు ప్లాటు 7 పెర్చ్‌ల పొడవు, 3 పెర్చ్‌ల వెడల్పు, ఏడాదికి 12 పెన్నీల శిస్తు. పెర్చ్ అంటే పదహారున్నర అడుగులు.

గ్రాఫ్ పేపర్ మీద పెర్చ్‌కి ఒక సెంటీమీటరు చొప్పున ఆ ప్లాటు గీశాను. పక్కనే 1196లో ఇంకో బిషప్ వేయించిన ఇంగ్లండ్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ ప్లాటు గీశాను: 12 పెర్చ్‌ల పొడవు, మూడున్నర పెర్చ్‌ల వెడల్పు. శిస్తు మాత్రం అవే 12 పెన్నీలు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బోధపడింది. గిరాకీ అంతా వీధి ముఖానికే. ఎక్కువమందికి అది దక్కాలంటే నేలను సన్నగా, లోతుగా కోయాలి. ముందు దుకాణం, వెనక పెరడు. బర్గేజ్ ప్లాట్లు అంటే ఇవే.

సాల్స్‌బరీలో ఈ ప్లాట్లను కలిపిన గళ్లను చెకర్స్ అంటారు. అవన్నీ ఒకే సైజులో ఉండవు. వీధుల వెంట నీటి కాలువలు పారేవి. మార్కెట్ మైదానం కూడా గీసినట్టే మిగల్లేదు. అంగళ్ల వరుసలు మెల్లగా పక్కా ఇళ్లుగా మారి దాన్ని ఆక్రమించాయి; ఫిష్ రో, బుచర్ రో అనే పేర్లు ఈనాటికీ ఉన్నాయి.

ఇంత చూశాక జాగ్రఫీ పండితుడు కాంజెన్ 1960లో ఇంగ్లండ్‌లోని అల్న్‌విక్ పట్టణం మీద రాసింది సులువుగా ఎక్కింది. పెరళ్లు క్రమంగా కట్టడాలతో నిండిపోవడం, చివరికి అవి కూల్చేసి ఖాళీ కావడం: ఆయన చెప్పిన బర్గేజ్ సైకిల్ ఇదే. సిద్ధాంతంతో మొదలుపెట్టకండి, ముందు ఒక ప్లాటు గీయండి. నేనిప్పుడు జవాబులో మొదట స్కెచ్ వేసి, పక్కన కొలతలు రాసి, ఆ తర్వాతే కాంజెన్ పేరు తెస్తున్నాను. స్కెచ్‌కి రెండు నిమిషాలు చాలు.