సాంత్-మేర్-ఎగ్లీజ్‌లో సిమోన్ రెనో జాడ వెతుక్కుంటూ

పారిస్ సెయింట్ లజార్ స్టేషన్లో షెర్బూర్ రైలెక్కి కారంతాన్‌లో దిగాం. అక్కణ్ణుంచి ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతపు ఊరు సాంత్-మేర్-ఎగ్లీజ్‌కి టాక్సీలో కాసేపే. యుద్ధకాలంలో ఈ ఊరి మేయర్ భార్య సిమోన్ రెనో, ఆమె జాడ కోసమే ఈ ప్రయాణం. దారి పొడుగునా పొలానికీ పొలానికీ మధ్య ఎత్తయిన మట్టిగట్లు, వాటిమీద దట్టమైన చెట్లు. ఆ గట్ల మధ్య పల్లంగా సాగే బాటలు అచ్చం మా గోదావరి పుంతల్లా ఉన్నాయి. గట్టు అవతల ఎవరున్నారో తెలీదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌ని విడిపించడానికి 1944 జూన్ 6 తెల్లవారకముందే పారాచూట్లతో ఇక్కడ దిగిన అమెరికన్ కుర్రాళ్ళకి ఆ చీకట్లో ప్రతి గట్టూ ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఆ బాటలో నడిస్తేనే తెలుస్తుంది.

ఊరు చిన్నది. నడిబొడ్డున చర్చి, చుట్టూ ఖాళీ స్థలం, ఆ చుట్టూ షాపులు. వచ్చినవాళ్ళందరి కెమెరాలూ ముందు చర్చి గోపురంవైపే తిరుగుతాయి. జాన్ స్టీల్ అనే సైనికుడి పారాచూట్ ఆ రాత్రి అక్కడ చిక్కుకుంది. కింద కాల్పులు జరుగుతుంటే అతను చచ్చిపోయినట్టు నటిస్తూ వేలాడాడు. జర్మన్లు పట్టుకున్నారు, తర్వాత తప్పించుకున్నాడు. ఆ గుర్తుకే ఇప్పటికీ గోపురానికి పారాచూట్‌తో ఒక బొమ్మను వేలాడదీసి ఉంచారు. నాకు మాత్రం దానికంటే చర్చి దగ్గరున్న పాత నీళ్ళ పంపు దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపించింది.

ఆ రాత్రి ఊరివాళ్ళకి ముందొచ్చింది సైన్యం కాదు, అగ్నిప్రమాదం. చర్చి ఎదురుగా ఒక ఇల్లు అంటుకుంది. గంట మోగించారు. మేయర్ అలెగ్జాండర్ రెనో ఊళ్ళో మందుల షాపు నడిపే మనిషి. కర్ఫ్యూ ఉన్నా జర్మన్ల అనుమతితో జనం బయటికొచ్చి, ఈ పంపు నుంచి బకెట్లు చేతులు మార్చుకుంటూ మంటలార్పుతున్నారు. చుట్టూ తుపాకులతో జర్మన్ కాపలా. సరిగ్గా అప్పుడే తలమీదుగా విమానాలు, ఆకాశం నిండా పారాచూట్లు. మంట వెలుగులో దిగుతున్నవాళ్ళు కిందున్న తుపాకులకి స్పష్టంగా కనపడ్డారు. చెట్లకి చిక్కుకున్నవాళ్ళు కొందరు కత్తితో తాళ్ళు తెంచుకునేలోపే చనిపోయారు. చేతిలో బకెట్ పట్టుకుని అదంతా చూసినవాళ్ళు నాలుగేళ్ళుగా ఈ సైన్యం కోసమే ఎదురుచూస్తున్నవాళ్ళు.

తెల్లారేలోపు అమెరికా పారాచూట్ సైనికుల దళం 82వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కి చెందిన లెఫ్టినెంట్ కల్నల్ ఎడ్వర్డ్ క్రాస్ చెల్లాచెదురైన తన మనుషుల్ని పోగేసుకుని ఊళ్ళోకి వచ్చాడు. వెలుగొచ్చేదాకా తుపాకీ పేల్చొద్దన్నాడు. పేలిన చోటల్లా శత్రువున్నట్టే లెక్క. ఊరు చేజిక్కాక టౌన్ హాల్ దగ్గర అమెరికా జెండా ఎగరేశాడు. అంతకుముందు ఇటలీలో నేపుల్స్‌లో ఎగరేసిందీ ఆ జెండానే. ఫ్రాన్స్‌లో మొదట విడుదలైన ఊళ్ళలో ఒకటిగా దీని పేరు నిలిచిపోయింది.

కానీ కథ జెండాతో ఆగలేదు. షెర్బూర్ నుంచి పారిస్‌వైపు పోయే రోడ్డు ఈ ఊరి మధ్యనుంచే వెళ్తుంది. అమెరికన్ సైన్యం సముద్రం మీదుగా వచ్చి దిగిన యూటా బీచ్ మీదికి ఉత్తరం నుంచి జర్మన్లు రావాలంటే ఇది దాటాలి. అందుకే ఎదురుదాడి చేశారు. ఊరికి ఉత్తరాన నోవిల్-ఓ-ప్లాన్‌లో లెఫ్టినెంట్ టర్నర్ టర్న్‌బుల్, అమెరికా మూలవాసీ కుటుంబం వాడు, తన చిన్న దళంతో గంటల తరబడి వాళ్ళని నిలబెట్టేశాడు. తాను మర్నాడు ఫిరంగి గుండుకి చనిపోయాడు. బీచ్ వైపు నుంచి ట్యాంకులు వచ్చి ఊరు నిలదొక్కుకుంది 7వ తేదీనే. ఈలోగా ఊరివాళ్ళు కందకాల్లో దాక్కున్నారు. విడుదలైన ఊరిమీద ఫిరంగి గుండ్లు పడుతూనే ఉన్నాయి. నార్మండీ యుద్ధంలో చనిపోయిన పౌరుల సంఖ్య 20,000 వరకూ ఉంటుందని చెబుతారు. జెండా ఫోటో పక్కన ఆ లెక్క కూడా పెట్టాలి అనిపిస్తుంది నాకు.

మ్యూజియం 1964లో తెరిచారు, ఆ రాత్రి కాలిపోయిన ఇంటి స్థలంలోనే. ఇంజిన్ లేకుండా సైనికుల్ని దించే గ్లైడర్, పారాచూట్ సైనికుల్ని మోసిన సీ-47 విమానం బాగున్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు అక్కడే ఎక్కువసేపు గడుపుతారు. చర్చి లోపల అద్దాల కిటికీ మాత్రం వదలకండి. మేరీ మాత చేతిలో బిడ్డ, చుట్టూ పారాచూట్లు, కింద మండుతున్న ఊరు. దాని నమూనా గీసింది మేయర్ కొడుకు పాల్ రెనో.

ఇక నేను అసలు వచ్చింది వాళ్ళమ్మ కోసం. సిమోన్ రెనో. యుద్ధం ముందుకు జరిగాక ఈ ఊరి చుట్టూ తాత్కాలిక శ్మశానాలు వెలిశాయి, వేలమంది అమెరికన్లని ఇక్కడే పాతిపెట్టారు. జనరల్ థియోడర్ రూజ్‌వెల్ట్ జూనియర్ కూడా వాళ్ళలో ఒకరు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకు, 56 ఏళ్ళ వయసులో చేతికర్రతో యూటా బీచ్‌లో దిగి, జూలై 12న గుండెపోటుతో పోయాడు. ఆయన సమాధి మీద సిమోన్ పూలు పెడుతున్న ఫోటో 'లైఫ్' పత్రికలో వచ్చింది. అది చూసి అమెరికా నుంచి తల్లులు, భార్యలు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. మా అబ్బాయి సమాధి ఎక్కడుంది? మీరు వెళ్ళి చూస్తారా? ఆమె వెళ్ళేది. వెతికేది. పూలు పెట్టేది, ఆ తల్లికి జవాబు రాసేది. ఆ పని ఏళ్ళ తరబడి చేసింది. అలసిపోయిన ఊరు, తన ఇల్లూ పిల్లలూ ఉండగా ముక్కూమొహం తెలియని ఇంకొకరి బిడ్డకి అంత చేయడం నాకు యుద్ధంలోని ఏ సాహసానికీ తక్కువ కాదు. ఎవరో పైలోకం నుంచి ఊడిపడ్డ వీరుల్లా కాకుండా, ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక అమ్మ ఉన్నారని ఈ ఊరికి గుర్తుండటానికి ఆమె కూడా ఒక కారణం అనుకుంటాను.

1948లో ఆ శ్మశానాలు ఎత్తేశారు. కొందరిని ఇంటివాళ్ళు అమెరికా తెప్పించుకున్నారు, కొందరిని నార్మండీ తీరంలోనే కొల్‌విల్‌లో ఉన్న అమెరికన్ సైనిక శ్మశానానికి మార్చారు. ఇప్పుడా చోట్లలో గుర్తుగా రాళ్ళు మాత్రమే ఉన్నాయి.

మర్నాడు మేం కొల్‌విల్ వెళ్ళాం. 9,380కి పైగా సమాధులు. వాటిలో రూజ్‌వెల్ట్ శిలువ వెతికి పట్టుకున్నాం. పేరు బంగారు రంగులో ఉంటుంది, అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చినవాళ్ళకి మాత్రమే అలా రాస్తారు. పక్కనే తమ్ముడు క్వెంటిన్. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో చనిపోయిన అతణ్ణి 1955లో ఇక్కడికి తెచ్చారు. చాలామంది టూర్ బస్సుల్లో కొల్‌విల్ ఒక్కటే చూసి పారిస్ వెళ్ళిపోతున్నారు. వీలైతే ముందు సాంత్-మేర్-ఎగ్లీజ్‌లో ఒక రాత్రి ఉండి, పంపు, చర్చి, ఆ రాళ్ళు చూసి, ఆ తర్వాతే ఇక్కడికి రండి.