ఓడ అయిదింటికి అంటే మూడున్నరకే

టికెట్ మీద "బయలుదేరు సమయం సాయంత్రం 5:00" అని ఉంటుంది. ఒడిశాలోని బరంపురం స్టేషన్లో రైలెక్కే అలవాటున్న మనవాళ్ళు దాన్ని చూసి వేసే లెక్క ఒకటే: నాలుగున్నరకి చేరితే అరగంట చేతిలో ఉన్నట్టే. క్రూయిజ్, అంటే విహారయాత్ర ఓడ దగ్గర ఆ లెక్క నడవదు. నాలుగున్నరకి రేవు గేటు ముందు దిగిన కుటుంబానికి ఓడ కళ్ళెదుటే కనిపిస్తుంది. తాళ్ళు ఇంకా విప్పి ఉండరు, పై డెక్ మీద జనం చేతులూపుతూ ఉంటారు. అయినా ఎక్కనివ్వరు, కట్టిన డబ్బూ తిరిగి రాదు.

దీన్ని మొండితనం అనుకోకూడదు. ఎక్కించుకోవడం ఆపాక ఓడలో ఎవరెవరున్నారో లెక్క తేల్చి, ఆ జాబితాను ఇమిగ్రేషన్‌కీ రేవు అధికారులకీ అప్పజెప్పాలి. అమెరికా రేవుల్లోనైతే బయలుదేరడానికి 60 నిమిషాల ముందే జాబితా అందాలన్నది నిబంధన. ఓడను బయటికి నడిపించే పైలట్, లాగే టగ్గులు గంట లెక్కన ముందే మాట్లాడి పెట్టినవి. బెర్తు, అంటే గట్టున ఓడ నిలిపే చోటు కోసం ఇంకో ఓడ కాచుకుని ఉండొచ్చు. ఇక్కడ గంట ఆలస్యమైతే రాత్రంతా వేగం పెంచి నడపాలి, ఆ ఇంధనం ఖర్చు మామూలుగా ఉండదు. అందుకే చాలా కంపెనీలు బయలుదేరడానికి గంట నుంచి గంటన్నర ముందే తలుపు మూసేస్తాయి. ఆ ముగింపు సమయం టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. ముందు దాన్ని వెతికి పట్టుకోండి, ఇంట్లో అందరికీ అదే ఓడ టైము అని చెప్పండి. అయిదన్న మాట ఎవరి చెవినా వేయకండి.

ముగింపుకి తొందరపడడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే విహార ఓడ ఒరిగిపోయినప్పుడు, అదే రోజు ఎక్కిన వందలమందికి ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో ఇంకా చూపించనే లేదు. అప్పట్లో ఆ కసరత్తు 24 గంటల్లోపు చేయిస్తే చాలు. 2015 జనవరి 1 నుంచి బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో చేయించి తీరాలని అంతర్జాతీయ నిబంధన మారింది. ఓడవాళ్ళిచ్చే మీ కార్డు మీద ఒక అక్షరమో అంకో ఉంటుంది, అది మీరు చేరాల్సిన చోటు. తాతగారైనా, నిద్రపోతున్న పిల్లాడైనా వెళ్ళాల్సిందే. చంటిపిల్లల లైఫ్ జాకెట్ క్యాబిన్లో లేకపోతే అప్పుడే అడిగి తీసుకోండి.

ఆలస్యం సంగతి అది. మరీ ముందు వెళ్ళినా సుఖం లేదు. వెబ్ చెక్-ఇన్ చేసినప్పుడు మీకు అరగంటో గంటో ఉండే ఒక స్లాట్ ఇస్తారు. అయిదింటి ఓడకి స్లాట్లు సాధారణంగా పదకొండు, పన్నెండు దగ్గర మొదలవుతాయి. రెండింటి స్లాట్ పెట్టుకుని పదకొండింటికి వెళితే ఎండలో గేటు బయట నిలబెడతారు, పిల్లలు అక్కడే సగం అలసిపోతారు. పైగా క్యాబిన్లు మధ్యాహ్నం ఒంటిగంట, రెండు దాకా సిద్ధం కావు. ముందున్న వాళ్ళు పొద్దునే దిగారు, దుప్పట్లు మార్చాలి. వృద్ధులూ చిన్నపిల్లలూ ఉన్న ఇంటికి మధ్యలో స్లాటే మంచిది: ఎక్కగానే భోజనం, భోజనం అయ్యేసరికి గది. అన్నదమ్ములు రెండు మూడు క్యాబిన్లు విడివిడిగా బుక్ చేస్తే స్లాట్లూ విడివిడిగానే వస్తాయి. చెక్-ఇన్ తెరిచిన రోజే అందరూ ఒకేసారి కూర్చుని ఒకే స్లాట్ పట్టుకోవాలి. చెక్-ఇన్‌లో వచ్చే పాసులు కాగితం మీద ప్రింటు తీసుకోండి. రేవు గేటు దగ్గర వందలమంది ఒకేసారి ఫోన్లు తెరుస్తారు, సిగ్నల్ అందదు.

ఇక మన ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి రేవు దాకా. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది గానీ, అక్కణ్ణించి ఓడలు ఏడాది పొడవునా నడవవు. కాబట్టి మన వైపు వాళ్ళు చెన్నై, ముంబయి, కాదంటే సింగపూర్ దాకా పోవాల్సి వస్తుంది. బరంపురం వాళ్ళకి చెన్నైకి కోరమాండల్, మెయిల్ ఉన్నాయి. ముంబయికి కోణార్క్ దాదాపు రోజున్నర తీసుకుంటుంది, కానీ దించేది సీఎస్‌ఎంటీ స్టేషన్లో, క్రూయిజ్ టెర్మినల్ ఉన్న బల్లార్డ్ పియర్ అక్కడికి కూతవేటు దూరం. రాయగడ వాళ్ళు విజయనగరం మీదుగా రావాలి. పర్లాకిమిడి వాళ్ళు పాతపట్నం, టెక్కలి మీదుగా రోడ్డునో, నౌపడలో మెయిన్ లైనునో అందుకోవాలి. కోరాపుట్, జయపురం వాళ్ళకి అరకు మీదుగా వచ్చే ఘాట్ లైను వానాకాలంలో నమ్మదగింది కాదు, కొండచరియ విరిగిపడిందంటే ఆ రోజుకి అంతే. సాలూరు ఘాట్ రోడ్డు మీద లారీ అడ్డం పడినా అంతే.

ఎటు నుంచి వచ్చినా ముందు రోజు రాత్రికే రేవున్న ఊళ్ళో పడుకోవాలి. బరంపురం నుంచి విశాఖకి నాలుగైదు గంటలే కదా, పొద్దున్న బయలుదేరితే అందుతుంది కదా అని అడిగేవాళ్ళుంటారు. అందుతుంది, రైలు సమయానికి నడిస్తే. హౌరా-చెన్నై లైను మనకి ఒక్కటే దారి, పలాస దగ్గర గూడ్సు ఆగినా వెనకవన్నీ ఆగుతాయి. అక్టోబరు సంగతి ఇంకా వేరు. ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖని కొట్టింది 2014 అక్టోబరు 12న, తిత్లీ పలాస మీద పడింది 2018 అక్టోబరు 11న. దసరా సెలవులని ఆ వారంలోనే టికెట్ తీసుకునే వాళ్ళ ధైర్యానికి దండం పెట్టాలి. తుపాను పడితే ఓడ కంపెనీ రేవు మార్చొచ్చు, రోజు మార్చొచ్చు, ఆ హక్కు తన దగ్గరే ఉంచుకుంటుంది. మీ రైలు రద్దయి మీరు రాలేకపోతే మాత్రం తప్పు మీ ఖాతాలోకే పోతుంది. లాడ్జీలో ఒక రాత్రికి అయ్యే అద్దె దీని ముందు ఎంత?

కౌంటర్ దగ్గర క్యూ ఆగేది ఎక్కువగా పేర్ల వల్ల. ఈ ఇబ్బంది మన సరిహద్దు వాళ్ళకి ప్రత్యేకం. ఇంట్లో వాసుదేవరావు, ఒడియా బడి సర్టిఫికెట్లో బాసుదేబ్ రావ్. ఒక కార్డులో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో చివర, మూడోదాంట్లో లేనే లేదు. రైల్లో టీటీఈ ముఖం చూసి వదిలేస్తాడేమో గానీ, ఓడ జాబితాలో ఉన్న పేరూ చేతిలో ఉన్న కార్డూ అక్షరం అక్షరం కలవాలి. అందుకని ఏ కార్డు తీసుకెళ్తారో ముందు తేల్చుకుని, దాన్ని ఎదురుగా పెట్టుకుని అందులో ఉన్నట్టే టికెట్లో పేరు కొట్టించాలి. ఏజెంటుకి ఫోన్లో పేరు చెప్పారా, గొడవ కొని తెచ్చుకున్నట్టే. దేశంలోనే తిరిగే ఓడకి ఆధార్ లాంటి అసలు గుర్తింపు కార్డు పనికొస్తుంది, జిరాక్సు పనికిరాదు. విదేశీ రేవు ఒక్కటి తగిలినా పాస్‌పోర్టు కావాలి, దానికి ఇంకా ఆరునెలల గడువుండాలి. పిల్లలు అమ్మానాన్న లేకుండా తాతగారితోనో పిన్నితోనో వెళ్తుంటే తల్లిదండ్రుల సంతకమున్న అనుమతి పత్రం పెట్టుకోండి. ఆరునెలలు నిండని పాపని చాలా కంపెనీలు ఎక్కించుకోవు, 24 వారాలు దాటిన గర్భిణినీ ఎక్కించుకోవు. ఇవి కౌంటర్ దగ్గర తెలిస్తే చేసేదేమీ లేదు.

సింగపూర్‌లో ఎక్కేవాళ్ళకి రెండు మాటలు. అక్కడ క్రూయిజ్ టెర్మినళ్ళు రెండున్నాయి, ఒకటి మెరీనా బే, ఇంకోటి హార్బర్‌ఫ్రంట్. టాక్సీ అతనికి "క్రూయిజ్ సెంటర్" అని ఊరుకోకుండా ఏది అన్నది చెప్పాలి. ఓడ పెనాంగో ఫుకెట్టో వెళ్ళి తిరిగొస్తే సింగపూర్‌లో మళ్ళీ కొత్తగా ప్రవేశించినట్టే లెక్క. వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశానికి చెల్లేదై ఉండాలి, ఆన్‌లైన్ అరైవల్ కార్డు కూడా మళ్ళీ నింపాలి.

టెర్మినల్ దగ్గర పెద్ద పెట్టెలు కూలీలకి ఇచ్చేస్తాం, క్యాబిన్ నంబరున్న ట్యాగ్ కట్టి. అవి స్కానింగులోకి పోయి మీ గుమ్మం ముందుకి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, కొన్నిసార్లు రాత్రి భోజనం వేళ అవుతుంది. బీపీ, షుగరు మాత్రలు, పాలసీసా, పిల్లల ఈత బట్టలు, గుర్తింపు కార్డులు చేతి సంచిలో ఉండాలి. పెట్టె మరీ ఆలస్యమైందంటే స్కానింగులో ఏదో దొరికింది అనుకోండి. మనవాళ్ళ పెట్టెల్లో దొరికేవి తెలిసినవే: ఇస్త్రీపెట్టె, చిన్న రైస్ కుక్కరు, నీళ్ళు కాచుకునే కెటిల్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, హారతి కర్పూరం, అగరొత్తులు, కూరగాయల కత్తి. నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే ఫైరింజన్ రాదు, అందుకే అంత పట్టుదల. ఇంట్లో వండిన పులిహోర, ఆవకాయ జాడీ కూడా చాలా ఓడలు ఒప్పుకోవు. సీలున్న పాకెట్లు కొన్ని ఒప్పుకుంటాయి, ముందే రాసి అడగండి.

ఒకప్పుడు మన గంజాం వాళ్ళు గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగం పోయేవారు, అదే రంగూన్, ఇప్పటి యాంగోన్. రేవులో ఓడ కనబడ్డాక మనిషి చేతికందడానికి ఎంతసేపు పడుతుందో ఆ తరానికి బాగా తెలుసు. ఇప్పటి టికెట్ మీద "రాక ఉదయం 8:00" అని ఉంటే ఓడ గట్టున చేరే సమయం అని అర్థం, మీరు గట్టు మీద కాలు పెట్టే సమయం కాదు. పైలట్ ఎక్కాలి, టగ్గులు నెట్టాలి, తాళ్ళు బిగించాలి, నిచ్చెన దించాలి, ఆరోగ్యశాఖ, కస్టమ్స్, విదేశమైతే ఇమిగ్రేషన్ వాళ్ళు పైకొచ్చి కాగితాలు చూసి సరే అనాలి. ఇదంతా అరగంటలో అవ్వొచ్చు, గంట దాటనూ వచ్చు. ఎనిమిదింటికి రాక అంటే కారు తొమ్మిదిన్నరకి మాట్లాడుకోండి. ముంబయిలో ఆటుపోటు తేడా పెద్ద పోటు రోజుల్లో నాలుగు మీటర్లు దాటుతుంది, ఓడ దానితోపాటే లేస్తుంది. పొద్దున చదునుగా ఉన్న నిచ్చెన మధ్యాహ్నానికి నిటారుగా నిలవొచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్న నాయనమ్మకి వీల్‌ఛైర్ బుకింగప్పుడే అడగాలి.

కొన్ని చోట్ల గట్టు దాకా రాలేక ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది, లక్షద్వీప్‌లో అగత్తి దగ్గర అంతే. రంభలో చిలికా పడవ ఎక్కినట్టు చిన్న పడవల్లో ఒడ్డుకి చేరాలి. టోకెను ముందు తీసుకున్నవాళ్ళు ముందు వెళ్తారు. అల ఎక్కువుంటే ఆ రోజు దిగడం రద్దు, దాని మీద వాదన పెట్టుకోకండి. ఊగే పడవలోకి ముసలివాళ్ళని దించడం కంటే డెక్ మీద కూర్చోబెట్టడమే నయం.

తిరిగి ఎక్కాల్సిన సమయం ఓడ దిగేచోట బోర్డు మీద రాసి పెడతారు. సాధారణంగా బయలుదేరడానికి అరగంట ముందు, కొన్ని చోట్ల గంట. ఎవరి గడియారం ప్రకారం అన్నది ఇక్కడ చిక్కు. శ్రీలంక మన టైమే కాబట్టి బాధ లేదు. సింగపూర్, పెనాంగ్ మనకంటే రెండున్నర గంటలు ముందు, ఫుకెట్ గంటన్నరే ముందు. ఫుకెట్‌లో ఫోను తనంతట తాను గంట వెనక్కి తిరుగుతుంది, ఓడ సింగపూర్ టైములోనే ఉండిపోవచ్చు. ఫోను నమ్ముకుని అయిదుకి వస్తే ఓడలో ఆరు. ఒక చేతి గడియారం ఓడ టైముకి పెట్టి ఇంట్లో బాధ్యత గల మనిషి చేతికి కట్టండి.

ఓడవాళ్ళ బస్సులో ఊరు చూడ్డానికి పోతే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది, లేకపోతే తర్వాతి రేవుకి వాళ్ళే చేరుస్తారు. సొంత ఆటోలో పోతే ఆగదు. రోజూ గదిలో పెట్టే కాగితం మీద రేవు ఏజెంటు ఫోన్ నంబరుంటుంది, దాన్ని ఫొటో తీసుకుని దిగండి.

మనవాళ్ళు తరచూ వేసే ఎత్తు ఇంకోటుంది. చెన్నైలో ఎక్కిన ఓడ మధ్యలో విశాఖలో ఆగుతుంది కదా, సామాను పట్టుకుని అక్కడే దిగేసి సాయంత్రానికి బరంపురం చేరిపోతే పోలా అని. చెప్పకుండా అలా దిగితే జాబితాలో మీరు తప్పిపోయిన మనిషి, సాయంత్రం స్పీకర్లలో మీ పేరు మోగుతుంది. విశాఖ దాకానే టికెట్ అమ్మితే అలా కొనుక్కోండి, లేకపోతే ముందే రాసి అనుమతి తీసుకోండి.

ఆఖరి రాత్రి పెట్టెలు ట్యాగులు కట్టి గుమ్మం బయట పెట్టమంటారు, పది పదకొండు గంటల లోపు. పొద్దున వేసుకునే బట్టలు, చెప్పులు అందులోనే పెట్టేసి నైటీతో దిక్కులు చూసే వాళ్ళు ప్రతి ఓడలోనూ ఉంటారు. మాత్రలు, చార్జరు, పాస్‌పోర్టు బయట ఉంచుకోండి. ఆ రోజు టిఫిన్ త్వరగా కట్టేస్తారు, ఎనిమిది తొమ్మిదికల్లా గది ఖాళీ చేయాలి, దిగడం మాత్రం ట్యాగు రంగును బట్టి పది దాటేదాకా సాగుతుంది. సామానంతా మీరే మోసుకోగలిగితే ముందు దిగే వీలుంటుంది, పిల్లలతో ఆ ఆలోచన వద్దు. ఏడింటికి ఓడ చేరుతుందని తొమ్మిదిన్నర రైలుకి రిజర్వేషన్ చేయించకండి. ఒంటిగంట తర్వాత ఏదున్నా సరే. కింద హాల్లో నల్ల పెట్టెలు వందలు వరస పెట్టి ఉంటాయి, అన్నీ ఒక్క తీరువే. ఇంటి దగ్గరే ప్రతి పిడికీ పాత బరంపురం పట్టు చీర అంచు పేలిక ఒకటి గట్టిగా కట్టేయండి, ఎర్రదైతే దూరం నుంచే కనబడుతుంది.