హెచ్‌ఐవీ మందులు బాగానే పనిచేస్తున్నాయి, సీడీ4 మాత్రం నత్తనడక

మొన్న ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) సెంటర్‌లో రిపోర్ట్ చేతికొచ్చింది. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడలేదు, సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, మాత్రం 310. మొదట్లో 85 ఉండేది లెండి, అయినా మూడేళ్లకి ఇంతేనా అని టెన్షన్, ఎందుకంటే పక్కన కూర్చున్న కుర్రాడికి ఏడాదిన్నరకే 600 దాటిందట. కౌన్సెలర్ మేడం ఓపిగ్గా చెప్పారు: మాత్ర వైరస్‌ని పెరగనివ్వదు, అంతే, పోయిన కణాల్ని మళ్లీ తయారు చేసుకోవాల్సింది మన ఒళ్లే, అందుకు కావాల్సిన థైమస్ గ్రంథేమో వయసుతో పాటు కుంచించుకుపోతుంది కాబట్టి నలభై దాటి, 100 లోపు నుంచి మొదలుపెట్టినవాళ్లకి నిదానంగానే పెరుగుతుందట.

నాకు రెండో నెలలోనే మెడ దగ్గర గడ్డలు వాచి జ్వరమొచ్చింది. మందులు పడలేదనుకుని మానేయబోయాను! తీరా చూస్తే లోపల దాగి ఉన్న టీబీ. కోలుకుంటున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా దాని మీద విరుచుకుపడింది, దీన్నే ఐరిస్ అంటారు. ఏఆర్‌టీ ఆపకుండానే టీబీ మందులు కలిపారు, వాటిలోని రిఫాంపిసిన్ వల్ల నా హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు మింగాల్సి వచ్చింది.

వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ మాత్రం ఇంకా వేసుకుంటున్నాను. ఆరు నెలల తేడాతో రెండుసార్లు సీడీ4 350 పైన వస్తేగానీ ఆపరట. ఇంకో నలభై కావాలి.