గదులతో పాటు ఏమేం వెళ్తున్నాయి?
తిరుపతి బస్టాండు దగ్గరి లాడ్జీల కోసం రైల్స్‌లో (రూబీ భాషలో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) యాప్ రాస్తున్నాం. లాడ్జి రికార్డును జేసన్‌గా, అంటే యాప్‌లు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపంలో పంపితే దాని సొంత కాలమ్స్ మాత్రమే వస్తాయి. గదులు, వాటి బుకింగ్‌లు రావు. వీటినీ కలిపి పంపమని చెప్పే ఇన్‌క్లూడ్ ఆప్షన్ లోపల ఇంకో ఇన్‌క్లూడ్ ఇస్తే అన్నీ వస్తాయి. డేటాబేస్ క్వెరీలో, వాటన్నిటినీ ఒకేసారి ముందే తెచ్చిపెట్టే ఇన్‌క్లూడ్స్ పెట్టకపోతే మాత్రం గదికో క్వెరీ నడుస్తుంది, బ్రహ్మోత్సవాల రద్దీలో అది కష్టం.

నాకు అసలు టెన్షన్ వేరే. బుకింగ్‌తో పాటు యాత్రికుల ఫోన్, ఆధార్ నంబర్లు కూడా ఎవరూ అడగకుండానే వెళ్లిపోతాయి. అందుకే ప్రతి స్థాయిలోనూ ఓన్లీ అని రాసి, కావాల్సిన ఫీల్డులే ఇస్తున్నాను. వద్దన్న ఫీల్డులు తప్ప మిగతావన్నీ పంపే ఎక్సెప్ట్ అసలు వద్దంటాను. అది వాడితే, రేపు ఎవరైనా టేబుల్‌లో కొత్త కాలమ్ కలిపితే అదీ చెప్పాపెట్టకుండా బయటికి పోతుంది. స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి. టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు ముందు ఇదే చెప్తున్నాను.