ఒక్క 'కాబట్టి' నా పేపర్‌ను ముంచింది: హాన్ చైనా చాప్టర్‌తో నా అనుభవం

దూరవిద్యలో ఎంఏ హిస్టరీ చదువుతున్న మిత్రులకు ఇది పనికొస్తుందని రాస్తున్నాను. ప్రాచీన సమాజాల పేపర్ నాకు మొదటిసారి పోయింది. పగలు ఉద్యోగం, రాత్రి పదింటి తర్వాత పుస్తకం. చైనా చాప్టర్‌లో ఒక్క పాయింట్ బట్టీ పట్టి వెళ్లాను: సమాజంలో గౌరవం ముందు పండితులకు, తర్వాత రైతులు, చేతివృత్తులవాళ్లు, అందరికంటే ఆఖరున వర్తకులు. ప్రశ్నేమో వర్తకం మీదే వచ్చింది. 'వర్తకులకు గౌరవం లేదు కాబట్టి వ్యాపారం పెరగలేదు' అని పేజీన్నర నింపేశాను.

రెండోసారి చదువుతుంటే తెలిసింది, ఆ వరుస పాలకుల కోరిక మాత్రమేనని. డబ్బు ఎవరి దగ్గరుందో అది చెప్పదు. ప్రాచీన చైనాను ఏలిన హాన్ రాజవంశ స్థాపకుడు గావోజు, వర్తకులు పట్టుబట్టలు కట్టకూడదని, బండ్లెక్కి తిరగకూడదని ఆంక్ష పెట్టాడు. కట్టే స్తోమతే లేనివాడికి ఆంక్షలెందుకు చెప్పండి?

క్రీ.పూ. 178లో చావో త్సువో అనే అధికారి చక్రవర్తికి పెట్టుకున్న విన్నపం చదవండి. నాకైతే చాప్టరంతా అందులోనే దొరికింది. ఐదుగురున్న రైతు కుటుంబం వంద 'మూ' (భూమి కొలత) దున్నితే వంద 'షీ' (ధాన్యం కొలత)కి మించి రాదు. పన్ను గడువు ముంచుకొస్తే గింజలున్నవాడు సగం ధరకే తెగనమ్ముతాడు, లేనివాడు రెట్టింపు తీర్చే షరతు మీద అప్పు తెస్తాడు. చివరికి పొలం, ఇల్లు, కన్నబిడ్డలు కూడా అమ్మకానికే. నాగలి పట్టని వర్తకుడు మాత్రం మంచి బట్టలు కట్టి మాంసం తింటున్నాడు. చట్టం వర్తకుణ్ణి చిన్నబుచ్చినా అతను ధనవంతుడే, రైతును గౌరవించినా పేదవాడే అని ఆయనే తేల్చేశాడు.

రైతు సంతకు రాక తప్పని ఇంకో కారణం తలపన్ను. పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఏడాదికి 120 నాణేలు కట్టాలి. ఆ నాణెం బొమ్మ నేను నోట్సులో రెండు రూపాయల బిళ్ల పెట్టి గీసుకున్నాను. మధ్యలో చదరపు చిల్లు, కుడివైపు 'వు', ఎడమవైపు 'జు' అన్న అక్షరాలు. క్రీ.పూ. 118లో మొదలైన ఈ వుజు నాణెం బరువు 3 గ్రాముల పైచిలుకు. చిల్లులోంచి తాడు దూర్చి వెయ్యేసి నాణేల దండలు కట్టేవారు.

ఆ కాలపు చక్రవర్తి వూ. ఉత్తరాన ఉండే సంచార జాతి షియోంగ్‌నులతో యుద్ధాలకు ఖజానా ఖాళీ అయ్యేసరికి ఉప్పు, ఇనుము సర్కారు గుత్తాధిపత్యం కిందికి తెచ్చాడు. నడిపించడానికి ఎవర్ని పెట్టాడో చూడండి: ఒక ఉప్పు వ్యాపారి, ఒక ఇనుము వ్యాపారి! లెక్కలు చూసిన సాంగ్ హోంగ్‌యాంగ్ కూడా లోయాంగ్ వర్తకుడి కొడుకే. అదే సర్కారు వర్తకుల ఆస్తిపై పన్ను వేసి, దాచినవాణ్ణి పట్టిచ్చినవాళ్లకు ఆ ఆస్తిలో సగం ఇచ్చింది. ఈ గుత్తాధిపత్యాల మీద క్రీ.పూ. 81లో జరిగిన చర్చలో సర్కారు పనిముట్లు నాసిరకమని పండితులు దులిపేశారు. మద్యం మీద కూడా ఉన్న గుత్తాధిపత్యం పోయింది. ఉప్పు, ఇనుము వదల్లేదు.

పట్టు దారి గురించి అందరూ రాస్తారు, నేను రెండు వాక్యాలతో సరిపెట్టాను. మీరు మాత్రం ఇది వదలకండి: వూ చక్రవర్తి పంపిన జాంగ్ చియెన్ బాక్ట్రియా (ఇప్పటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) అంగడిలో నైరుతి చైనాలోని సిచువాన్ వెదురు కర్రలు, బట్ట చూసి ఆశ్చర్యపోయాడు. ఎక్కడివని అడిగితే, మా వర్తకులు ఇండియాలో కొని తెచ్చారని అక్కడివాళ్లు అన్నారు. మన కథల్లో రాజకుమార్తెలు కట్టే చీనిచీనాంబరాలు గుర్తొచ్చి ఈ పాయింట్ నాకు ఊరికే నిలిచిపోయింది.

ఇంకొకటి, పేర్ల దగ్గర జాగ్రత్త. తిరిగినవాడు జాంగ్ చియెన్, ఆ సంగతులన్నీ చరిత్రగా రాసినవాడు సీమా చియెన్. రెండోసారి కూడా టెన్షన్‌లో ఒకరి పేరు ఇంకొకరికి రాసేసి, ఆఖరి ఐదు నిమిషాల్లో నాలుగు చోట్ల కొట్టేసి దిద్దాను.